పానాల పెట్టెలో గాజు

మా సంఘంలో ఆడవాళ్లు గాజులు వేసుకోరు. మా ఇంట్లో మాత్రం ఒక గాజు ఉండేది, పానాల పెట్టెలో. స్టీలు గాజు, సైజు రెండుంబావు. పానాలన్నీ వరసగా గుచ్చిన ఇనుప తీగకు, పది పదకొండు పానాకీ పన్నెండు పదమూడు పానాకీ మధ్య వేలాడుతుండేది. ఒకసారి ఇంటికి ప్రార్థనకు వచ్చిన పాస్టరయ్యగారి కంట్లో పడింది.

"ఇదేంది, దీంట్లో గాజు ఉండాది?" అన్నారు.

"అదీ పానానే అయ్యగారూ," అన్నాడు మా ఆయన.

అయ్యగారు బైబిలు తెరిచారు. ఆ రోజు ప్రార్థన మాత్రం మామూలు కంటే పొడుగ్గా సాగింది.

నిజానికి మా ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన డీజిల్ మెకానిక్కు. మాది ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. ఒకప్పుడు వరి పండిన నేలలో ఇప్పుడు రొయ్యల గుంటలున్నాయి. గుంటలో నీళ్లు చిలికి రొయ్యలకు గాలి అందించే చక్రాలు కరెంటుతో తిరుగుతాయి. కరెంటు పోతే జనరేటరుతో తిరుగుతాయి. జనరేటరు ఆగిపోతే మా ఆయనకు ఫోను వస్తుంది. ఉప్పుగాలికీ దొంగలకీ భయపడి ఆ జనరేటరును అగ్గిపెట్టెంత గదిలో పెడతారు. గది కట్టిన మేస్త్రీ ఇంజను చూసి ఉండడు, ఇంజను దించినవాళ్లు గోడ చూసి ఉండరు. విప్పాల్సిన నట్టులన్నీ గోడ వైపే ఉంటాయి. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఇలా కాని గది ఒక్కటైనా ఉంటే చెప్పండి, వచ్చి చూసి పోతాను.

ఇరుకులో పని చెయ్యడానికి మా ఆయనకు ఒక లెక్క ఉంది. పానా మూతి ఎంత ఉండాలో నట్టు చెబుతుంది, కాడ ఎంత ఉండాలో గోడ చెబుతుంది. కాడ పొడుగైతే తిరగదు, మరీ పొట్టిదైతే పట్టు చాలదు. అంగడిలో పొడుగు పానాలే అమ్ముతారు. వాటిని తయారు చేసేవాళ్ల ఇంజన్లు బహుశా మైదానంలో ఉంటాయి. అందుకని ఆయన కొత్త పానా కొనగానే దాని కాడ కోసేస్తాడు. కొత్త వస్తువును కొన్నరోజే రంపంతో కోసే మగవాడితో కాపురం మొదట్లో నాకు కొంచెం కష్టంగానే ఉండింది.

పానా కోయొచ్చు, చెయ్యి కోయలేం కదా. ఆయన చెయ్యి పెద్దది. పెళ్లిచూపుల్లో నేను ముందు చూసింది ఆ చేతినే, మనిషిని తర్వాత చూశాను. పెళ్లయిన మూడో నెలలో ఒక ఇంజను దగ్గర ఎంత తిప్పలు పడినా ఆ చెయ్యి లోపలికి దూరలేదు. అప్పుడు నేను అన్నం క్యారియరు తీసుకుని వెళ్లి ఉన్నాను. క్యారియరు వైపు కాకుండా నా చేతి వైపు చూశాడు.

"ఏమే, నీ చెయ్యి ఇట్టా పెట్టు ఒకసారి," అన్నాడు.

నేను పెళ్లికి ముందు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోయేదాన్ని. ఐసు నీళ్లలో చెయ్యి పెట్టి, చూడకుండానే, ఏది తలో ఏది తోకో వేళ్లతోనే తెలుసుకునేదాన్ని. నట్టు కూడా అంతే, ఆరు పక్కలుంటాయి, కదలదు, మీసాలు గుచ్చుకోవు. ఐదు నిమిషాల్లో విప్పి ఇచ్చాను. ఆ పూట ఆయన అన్నం తిన్నాడు గానీ బాగుందని అనలేదు. రెండు రోజుల తర్వాత నా బట్టల పెట్టె అడుగున ఏదో వెతుకుతుంటే ఏమిటని అడిగాను, బాప్తిస్మం నాడు నువ్వు తీసేసిన గాజులేవీ అని అడిగాడు. మట్టివి మా పిన్నమ్మ కూతుళ్లు పట్టుకుపోయారు. స్టీలుది ఒకటి మిగిలింది.

అప్పటి నుంచి అది కొలబద్ద అయింది. ఇరుకు కనబడితే ముందు గాజు దూర్చి చూసేవాడు. రెండుంబావు గాజు దూరితే నాకు కబురు, దూరకపోతే తిట్లు ఇంజనుకు. నా చెయ్యి పట్టుకుని కొలిచేందుకు సిగ్గు, గాజు పట్టుకుని మాత్రం ఊరంతా తిరిగేవాడు.

పోయినేడు ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన కుడి చేతిలో టీ గ్లాసు నిలవలేదు. నెల్లూరులో పెద్ద డాక్టరు పక్షవాతం తేలిగ్గా తగిలి పోయిందన్నాడు, అదృష్టవంతులన్నాడు. నడక వచ్చింది, మాట వచ్చింది. చెయ్యి మాత్రం చూడ్డానికి చెయ్యిలాగే ఉంటుంది, పట్టు లేదు. వేలూ వేలూ కలిసి ఒక దారం ముడి వెయ్యలేవు. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదన్నాడు. తెలిస్తే ఇక ఎవ్వరూ పిలవరు, పిలవకపోతే తాను మెకానిక్కు కాదు, మెకానిక్కు కాకపోతే ఏమిటో తనకు తెలియదు. ఇంత వివరంగా చెప్పలేదు లెండి. "ఎవురితోనూ అనబాక," అన్నాడంతే. మిగతాది ఆయన మొహం చూస్తే తెలిసింది.

దాంతో ఆ ఏడాది మా మండలంలో ఇంజన్లన్నీ ఒక్కసారిగా ఇరుకైపోయాయి. ఏ గుంట దగ్గరికి పోయినా ఆయన ఒకసారి తొంగి చూసి, "అబ్బా, ఈడ శానా ఇరుకుగా ఉండాది. మా ఆడమనిషి చెయ్యి అయితేనే దూరతాది," అనేవాడు. ఆరుబయట, నాలుగు పక్కలా మనిషి పడుకునేంత చోటున్న ఇంజను గురించి కూడా అలాగే అన్నాడు. గాజు తీసి, దూర్చి, తల ఊపేవాడు. నేను పోయి పానా పట్టుకునేదాన్ని. ఆయన చెవి పెట్టి విని, ఏది బిగించాలో, ఎన్ని చుట్లో చెప్పేవాడు. నాకు నడుము నొప్పి, ఆయనకు నాటకం నొప్పి. ఒక్కోసారి ఒళ్లు మండి, చెప్పేస్తే పోలా అనిపించేది. ఆయన మొహం చూసి ఊరుకునేదాన్ని.

జనం గుడ్డివాళ్లు కాదు. ఒక్కొక్కరే నెల్లూరు నుంచి వ్యానులో వచ్చే మెకానిక్కులను పిలుచుకోవడం మొదలుపెట్టారు. చివరికి మాకు ఒకే ఒక్క ఆసామి మిగిలాడు. ఆయన మా ఆయన్ని అన్నా అంటాడు, మా ఆయన ఆయన్ని అన్నా అంటాడు, ఇద్దరిలో ఎవరు పెద్దో ఇంతవరకూ తేలలేదు. మనిషి మంచివాడే. కాకపోతే కిందటిసారి పని ఆలస్యమైనప్పుడు, "అన్నా, ఇంకోసారి ఇట్టా అయితే నేనూ నెల్లూరోళ్లనే పిలుచుకుంటా, ఏమనుకోబాక," అని ముందే చెప్పి పెట్టాడు.

ఆ ఇంకోసారి వాయుగుండం పట్టిన వారంలో వచ్చింది. మూడు రోజులుగా ముసురు, ఎండ మొహం లేదు. గాలికి కరెంటు లైను తెగింది. ఎండ లేని రోజుల్లో నీళ్లలో అసలే గాలి చాలదు, అలాంటప్పుడు చక్రాలు ఆగితే పట్టుబడికొచ్చిన రొయ్యలు పూట గడిచేలోపు పోతాయి. పొద్దున తొమ్మిదికి ఫోను వచ్చింది. మోపెడ్ నేను నడిపాను, ఆయన వెనక పెట్టె పట్టుకుని కూర్చున్నాడు, ఎడమ చేత్తో.

మేం పోయేసరికి రొయ్యలు గట్టు వారకు వచ్చి నీళ్లపైన మీసాలు ఆడిస్తున్నాయి. ఆసామి గొడుగు ఉండి కూడా తడుస్తున్నాడు.

"స్టార్టవతాది, దగ్గతాది, ఆగిపోతాది," అన్నాడు.

మా ఆయన తాళం తిప్పి ఒకసారి విన్నాడు. చెవికి మాత్రం ఏమీ కాలేదు.

"డీజిలు పైపు కాడ గాలి లాగతా ఉండాది. పంపు కింద నట్టు లూజయినట్టుంది," అన్నాడు.

పంపు ఎటు వైపు ఉందో చెప్పక్కర్లేదు. ఇంజనుకూ గోడకూ మధ్య పైనుంచి చెయ్యి దించాలి. దించాక, ఫిల్టరును పట్టుకున్న ఇనుప పట్టీకీ ఇంజనుకూ మధ్య సందులోంచి చెయ్యి దూర్చాలి. ఆ సందు దాటితే నట్టు. పట్టీ విప్పేద్దామంటే దాని బోల్టులు గోడకేసి తిరిగి ఉన్నాయి. ఆయన తీగకు గాజు కట్టి దించాడు. సందులోంచి గాజు ఒరుసుకుంటూ దిగింది.

"దూరతాది," అన్నాడు. ఏడాదిగా ఆయన చూపించిన ఇరుకుల్లో నిజమైన ఇరుకు అదొక్కటే.

ఇలాంటి చోట పానాను వల దారంతో కట్టి, దారం కొస బయట పట్టుకుంటాం. చేజారితే లాక్కోవచ్చు. పదహారు పదిహేడు పానా, కాడ కోసింది, నా అరచేతిలో దాక్కునేంత ఉంటుంది. దారం తీసి నేను కట్టబోయాను. ఆసామి చూస్తున్నాడు.

"ముడి నేనేస్తాలే," అన్నాడు మా ఆయన. గోడకేసి తిరిగి, ఎడమ చేత్తోనూ పళ్లతోనూ వేశాడు. నేను చూడనట్టు బోర్లించిన మేత బకెట్టు మీదికెక్కి చీర కొంగు దోపుకున్నాను.

ఖాళీ చెయ్యి ముడిచి దించితే సందులోకి దిగింది, కానీ ఎప్పటిలా కాదు. బొటనవేలి మొదట్లో చర్మం గీసుకుపోయింది. ఇరవై ఏళ్లలో గాజు పెరగలేదు, నేను పెరిగాను. అది కొలిచే ముందు ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత ఆయన దారంతో పానాను దించాడు, వేళ్లతో అందుకున్నాను. నట్టు మీద పెట్టి పావు చుట్టు, పానా తిరగేసి మళ్లీ పావు చుట్టు. ఇరుకులో అంతే, తిరగేసుకుంటూ పోవాలి. నాలుగోసారి తిరగేస్తున్నప్పుడు వేళ్లకు దారం తగల్లేదు. తడిమి చూశాను. ముడి జారిపోయింది.

నేను చెప్పలేదు. చెబితే ఆసామి వింటాడు. దారం ముడి కూడా వెయ్యలేని మెకానిక్కును ఎవరు పిలుస్తారు? పానాను పిడికిట్లో గట్టిగా పట్టుకుని, నట్టు కదలనంత వరకూ బిగించాను.

"అయింది," అన్నాను.

"బయటికి తియ్యి."

రాలేదు. గాజు కొలిచేది ఖాళీ చేతిని. పానా పట్టుకున్న పిడికిలికి ఆ కొలత పనికిరాదు. పైగా చెయ్యి వాచింది. లాగిన కొద్దీ పట్టీ అంచు మణికట్టులో దిగుతోంది.

"పానా వదిలెయ్ మే, దారం ఉండాది గదా," అన్నాడాయన.

నేను వదల్లేదు. ఆయనే దారం లాగాడు. చేతిలోకి వట్టి దారం వచ్చింది. దాని కొస వేళ్లతో తడిమి చూసుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఆయన వేసిన ముడి ఏదీ జారలేదు. నాకు ఏడుపొచ్చింది, చెయ్యి నొప్పికి కాదు.

నేను అయింది అనగానే రొయ్యలు చూడ్డానికి పోయిన ఆసామి సరిగ్గా అప్పుడే గట్టు మీంచి పరిగెత్తుకుంటూ గదిలోకి వచ్చాడు.

"అయింది అన్నారు గదా! రొయ్యలు తిరగబడతా ఉండాయన్నా, స్టార్ట్ చేస్తుండా," అంటూ ఇటు చూడకుండానే తాళం మీద చెయ్యి వేశాడు.

ఇంజను అదిరితే పట్టీ అదురుతుంది, పట్టీలో నా మణికట్టు ఉంది. మా ఆయన ఆసామి చెయ్యి పట్టుకున్నాడు. కంగారులో కుడి చేత్తో పట్టుకున్నాడు. ఆసామి చెయ్యి అందులోంచి సులువుగా జారి వచ్చేసింది. ఆసామి ఆశ్చర్యపోయి ఆ చేతి వైపు చూశాడు. ఈలోపు మా ఆయన ఎడమ చేత్తో తాళంచెవి లాగి జోబీలో వేసుకున్నాడు.

"అన్నా, నా చెయ్యి పన్జెయ్యదు. ఏడాదయింది," అన్నాడు. గొంతు పెంచలేదు, మేత ధర చెప్పినట్టు చెప్పాడు. "ఇన్నాళ్లూ నీ ఇంజన్లు బాగుచేసింది లోపలుండే ఆ చెయ్యే. మా ఇంట్లో పన్జేసే కుడిచెయ్యి అదొక్కటే. అది బయటికి వచ్చిందాకా తాళం తిప్పనీను. రొయ్యలు పోతే పోనీ."

ఆసామి రొయ్యల వైపు చూశాడు, నా వైపు చూశాడు. బయటికి పోయి, మేతలో కలిపే చేప నూనె డబ్బా తెచ్చి ఇచ్చాడు.

మా ఆయన నూనె నా మోచేతి నుంచి కిందికి పోశాడు. "ఇంక పానా వదిలెయ్. పోతే పోతాది," అన్నాడు. వదిలేశాను. అది ఎక్కడో అడుగున టంగుమంది. "బొటనేలు లోపలికి ముడువు. గాజు తీసేటప్పుడు ముడస్తారు గదా, అట్టా," అన్నాడు. ఇరవై ఏళ్లుగా ముడవలేదని అందామనుకుని ఊరుకున్నాను. వేళ్లన్నీ దగ్గరికి చేర్చి, బొటనవేలు చిటికెనవేలి వైపు తోసి, కళ్లు మూసుకుని లాగాను. చర్మం కొంత అక్కడే వదిలేసి చెయ్యి వచ్చింది.

తర్వాత ఆయన ఎడమ చేత్తో పైపులో గాలి తీశాడు. ఆ స్క్రూ ఎప్పుడూ ఇవతలి వైపే ఉంటుంది, ఎవరో పొరపాటున పెట్టి ఉంటారు. ఇంజను అందుకుంది, చక్రాలు తిరిగాయి. గట్టు వారన కొన్ని రొయ్యలు వెల్లకిలా తేలాయి, మిగతావి మధ్యాహ్నానికి లోపలికి పోయాయి. ఆసామి రొయ్యల దగ్గరే ఉండిపోయాడు. మేం బయలుదేరుతుంటే మా ఆయనే, "ఇంక నెల్లూరోళ్లని పిలుచుకో అన్నా. ఏమనుకోంలే," అన్నాడు.

ఇంటికి పోగానే ఆయన పాత తువ్వాలు పళ్లతో చించాడు. నా చేతికి ఎడమ చేత్తో గుడ్డ చుట్టాడు, వదులుగా చుట్టాడు. పానాలన్నీ తుడిచి, పెట్టె మూసి, మంచం కిందికి తోసేశాడు. ఐదు రోజులు ఆ పెట్టె అక్కడే ఉంది. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు, తీరా చూస్తే బ్యాంకు లోను కావాలా అని అడిగే అమ్మాయి. ఆదివారం గుడికి రానన్నాడు. నేను పోయి ఇద్దరి తరఫునా కూర్చుని వచ్చాను. ప్రార్థన ఏం చేశానో చెప్పను, అందులో కొంత కోపం కూడా ఉంది.

సోమవారం ఆసామి ఇంటికే వచ్చాడు. చెప్పులు విడిచి, కాగితంలో చుట్టిన ఒక పొట్లం నా చేతిలో పెట్టాడు. మా ఆయన చేతిలో కాదు.

"నీ పానా అక్కా," అన్నాడు.

"ఎట్టా దొరికింది?"

"పంపు వైపు గోడ పగలగొట్టించినా. మనిషి దూరేంత." మా ఆయన వైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ గోడ పగలగొట్టొచ్చని ఎవురికీ తోచలా. ఇంకో నాలుగు గదులుండాయి అన్నా. ఏ ఇంజనుకు ఏడ పగలగొట్టాల్నో నువ్వొచ్చి గీత గియ్యాల. అక్కొచ్చి నట్టులు చూస్తాది. నెల్లూరోళ్లు ఇంజను మొత్తం దించాలంటారు, వాళ్లకు వినడం రాదు."

ఆసామి టీ తాగి వెళ్లాక, మా ఆయన మంచం కింది నుంచి పెట్టె లాగాడు. గోడలు పగలగొట్టినా ఇంజన్లలో ఇరుకులు పోవు కదా. తీగ నుంచి గాజు తీసి, నా చెయ్యి పట్టుకోబోయి ఆగాడు.

"ముందు పానా పట్టుకో. ఒట్టి చెయ్యి కొలిచి ఏం లాభం," అన్నాడు.

రెండుంబావు గాజు నా వేళ్ల దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం అంగడికి పోయి, డజనైతేనే ఇస్తానన్నవాడితో వాదించి, సైజుకొకటి చొప్పున మూడు స్టీలు గాజులు తెచ్చాడు. పానా పిడికిలి మీద ఒక్కొక్కటే తొడిగి చూశాడు. మూడోది దిగింది. అది మణికట్టు దాకా వచ్చాక కూడా వెంటనే తియ్యలేదు. సంఘంవాళ్లు ఎవరైనా చూస్తారని నేనే తీసి ఇచ్చాను.

దాన్ని తీగకు తగిలించి, పాత గాజును జోబీలో వేసుకున్నాడు. తర్వాత వల దారం ఉండ తీశాడు. పానాను, దారాన్ని నా ముందు పెట్టి, కుడి చెయ్యి ఇన్నాళ్లలా వెనక్కి పెట్టుకోకుండా ఎవరొచ్చినా కనబడేలా మోకాలి మీదే ఉంచుకుని కూర్చున్నాడు.

"ముడి నువ్వే వెయ్యి," అన్నాడు.

వేశాను. జారుతుందేమో ఆయన ఎడమ చేత్తో రెండుసార్లు లాగి చూశాడు.